తేలిక కారు, రోజువారీ బరువు

పాత స్పోర్ట్స్ కారు అంటే ఆదివారం పొద్దున కవరు తీసి, ఓ గంట తిప్పి, మళ్ళీ గ్యారేజీలో పెట్టేసే వస్తువని చాలామంది అభిప్రాయం. దాన్ని రోజూ ఆఫీసుకు, అంగడికి, పిల్లని స్కూల్లో దింపడానికి వాడొచ్చా అన్న ప్రశ్న మీద అమెరికాలో, బ్రిటన్‌లో, జపాన్‌లో చాలా కాలంగా వాదన నడుస్తోంది. రోజూ నడిపితే బండి అరిగిపోతుందని ఒక పక్షం, నడపకపోతేనే పాడవుతుందని ఇంకో పక్షం. రెండు పక్షాలూ బండి చుట్టూనే తిరుగుతాయి: ఇంజిన్ నిలుస్తుందా, విడిభాగాలు దొరుకుతాయా, ఖర్చెంత అని. ఈ ప్రశ్నలకు జవాబు దాదాపు దొరికేసింది. సరైన కారు ఎంచుకుంటే బండి తట్టుకుంటుంది, అదీ తేలికగా ఉండబట్టే తట్టుకుంటుంది. ఇంకా తేలనిది ఒక్కటే. ఆ కారు పుట్టినప్పుడున్న రోడ్డు ఇప్పుడు లేదు, చుట్టూ ఉన్న బళ్ళ బరువు పెరిగిపోయింది. అదే తేలికదనం ఈ రోడ్డు మీద ఏమవుతుందన్నదే అసలు సమస్య.

మాట గాలిలో తేలకుండా ఒక కారును పట్టుకుని మాట్లాడుకుందాం. మజ్దా ఎంఎక్స్-5, అమెరికాలో మియాటా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు విలేకరి, అప్పుడు మజ్దాలో పెద్ద ఇంజినీరుగా ఉన్న కెనిచి యమమోటోతో, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల లాంటి గుడ్డ టాప్ తెరిచి నడిపే చిన్న కారు చవగ్గా తయారుచేయమన్నాడు. ఆ మాట పదేళ్ళకు పండింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కారు జనం ముందుకొచ్చింది. ముందు ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్‌పవర్. బరువు మోడల్‌ను బట్టి 940 నుంచి 990 కిలోలు. అమెరికాలో తొలి ధర 13,800 డాలర్లు. 1997 దాకా తయారైన ఈ మొదటి తరం కార్లే నాలుగు లక్షలు దాటాయి, తర్వాతి తరాలనూ కలుపుకుంటే 2016లో పది లక్షల మైలురాయి చేరాయి. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఆ అంకెలోనే ఉంది. నాలుగు లక్షల కార్లున్నచోట మెకానిక్కుల అనుభవం, విడిభాగాల వ్యాపారం, ఏది ఎప్పుడు చెడుతుందన్న జ్ఞానం అన్నీ పోగుపడతాయి. నాలుగు వేల కార్లున్నచోట అభిమానం తప్ప ఏమీ పోగుపడదు.

తేలికదనానికీ మన్నికకూ సంబంధమేమిటని అడగొచ్చు. చాలా దగ్గరి సంబంధమే. బ్రేకులు ఆపాల్సింది బరువును, టైర్లు మోయాల్సింది బరువును, క్లచ్ కదిలించాల్సింది బరువును, సస్పెన్షన్ బుష్‌లు నలిగేది బరువు కింద. టన్నుకు లోపు బండికి ఇవన్నీ చిన్నవిగా సరిపోతాయి, మెల్లగా అరుగుతాయి, మార్చాల్సి వచ్చినా చవగ్గా మారతాయి. దీనికి తోడు ఆ బండిలో చెడిపోవడానికి వస్తువులే తక్కువ. తొలి మోడళ్ళలో కిటికీ అద్దాలు కూడా చేత్తో తిప్పుకునేవే. టచ్‌స్క్రీన్ లేదు, టర్బో లేదు, ఎయిర్ సస్పెన్షన్ లేదు. ఇంజిన్ మజ్దా వారి 323 అనే మామూలు కుటుంబ కారు వంశానిదే. టైమింగ్ బెల్ట్‌ను అరవై వేల మైళ్ళకు, అంటే దాదాపు 96 వేల కిలోమీటర్లకు మార్చాలి. మర్చిపోయి అది తెగినా ఈ 1.6 ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి రోడ్డు పక్కన ఆగుతుంది, ఇంజిన్ మాత్రం బతుకుతుంది. లోపాలు లేవని కాదు. 1990, 91 నాటి తొలి ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండి, పుల్లీ బోల్ట్ వదులైతే కీ గాడి పగిలి ఇంజినే పోయేది. మజ్దా తర్వాత దాన్ని సరిదిద్దింది. కింది పుల్లీలో నాలుగు గాట్లుంటే పాతది, ఎనిమిదుంటే మార్చినది. ఇంత చిన్న తేడా కూడా ఈ రోజు ఆ కారు కొనేవాడికి తెలుస్తోందంటే, ఆ బండిలో ఇంకా బయటపడని రహస్యం పెద్దగా లేదనే.

ముప్ఫై అయిదేళ్ళ కారుకు ఇనుము అరగడం కంటే రబ్బరు ఎండటం, నీళ్ళు నిలవడం పెద్ద ఆపదలు. రేడియేటర్ పైనుండే ప్లాస్టిక్ తొట్టె ముందు నలుపు తగ్గి గోధుమరంగుకు తిరుగుతుంది. అలా తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే, వేసవి ట్రాఫిక్‌లో ఏ సిగ్నల్ దగ్గరో పగులుతుంది. క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం ఇంకో మామూలు ఫిర్యాదు. వీటన్నిటికంటే చూసి తెలుసుకోవలసింది ఒకటుంది. గుడ్డ టాప్ మీద పడిన వాన నీళ్ళు డోర్ వెనక భాగంలో సన్నని గొట్టాల గుండా దిగి, కారు కింద బయటికి పోవాలి. ఆకులు, దుమ్ము, పైన్ చెట్ల సూదులు పేరుకుని ఆ గొట్టం మూసుకుపోతే నీళ్ళు సీటు వెనక కార్పెట్‌లోకో, డోర్ కింద బోలుగా ఉండే సిల్ రేకులోకో పోతాయి. అక్కడ తుప్పు లోపలినుంచి మొదలవుతుంది. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, వెనక చక్రం ముందు భాగంలో చిన్న పొక్కు లేచేసరికి లోపలి రేకు పోయి ఉంటుంది. ఇంగ్లండ్‌లో, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ పనిని కింది నుంచి ఇంకా తొందరపెడుతుంది. రోజూ నడిపితే పాడవుతుందనేవాళ్ళ వాదంలో నిజముందంటే అది ఇక్కడే ఉంది, కానీ ఆ నేరం నడపడానిది కాదు, ఉప్పుది. ఉప్పు లేని కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో రోజూ తిరిగే కారుకు జరిగే మేలు ఎక్కువ. సీళ్ళు తడి ఆరకుండా ఉంటాయి, పెట్రోలు ట్యాంకులో మురగదు, బ్రేక్ కాలిపర్లు పట్టెయ్యవు, కారుతున్నదేదైనా ఉంటే ఆ వారమే కంటపడుతుంది.

అన్ని పాత తేలిక కార్లకూ ఈ తీర్పు వర్తించదు. తేలికదనంలో ఎంఎక్స్-5ని ఎప్పుడో దాటేసింది 1996 నాటి లోటస్ ఎలీజ్. బరువు 725 కిలోల చుట్టూ, ఛాసీ ఒక్కటే 68 కిలోలు, అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించి చేసినది. అద్భుతమైన పనితనమే. కానీ లోపలికెక్కాలంటే ఎత్తయిన సిల్ దాటి ఒళ్ళు మడుచుకోవాలి, రోవర్ కె-సిరీస్ ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ విషయంలో అపకీర్తి మూటగట్టుకుంది, ఓ మాదిరి గుద్దులో ఆ జిగురు ఛాసీ దెబ్బతింటే మామూలు షెడ్డులో సాపు చేయడం కుదరదు. 1984లో వచ్చిన మొదటి టయోటా ఎంఆర్2 ఇంజిన్ గట్టిదే, కానీ అది మధ్యలో ఉంటుంది, రేడియేటర్ ముందుంటుంది. కూలెంట్ గొట్టాలు కారు పొడుగునా పాకాలి, పైగా తుప్పు బాగా తిన్న కార్లే ఎక్కువ. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీకి విడిభాగాలకు కొదవ లేదు, కానీ పొద్దున్నే స్టార్ట్ అవుతుందన్న భరోసా యజమాని చేతి పనితనాన్ని బట్టి ఉంటుంది. మజ్దా చేసిన ఘనకార్యం వేగం కాదు. బ్రిటిష్ రోడ్‌స్టర్ సరదాకు జపాన్ కుటుంబ కారు నమ్మకాన్ని జోడించింది. కాబట్టి రోజువారీ వాడకానికి తేలికదనం ఒక్కటే చాలదు, తేలికదనం మామూలు వస్తువులతో సాధించినదై ఉండాలి. ఖరీదైన పదార్థంతో బరువు తగ్గించిన కారు పాతబడితే ఎవరూ బాగుచేయలేని వస్తువవుతుంది.

ఇక్కడ డబ్బు సంగతి అడ్డొస్తుంది. ఒకప్పుడు చవకైన సెకండ్‌హ్యాండ్ బండిగా తిరిగిన ఈ మొదటి తరం కార్లకు ఇప్పుడు ధర పెరిగింది. మజ్దాయే 2017లో జపాన్‌లో వీటిని పునరుద్ధరించే కార్యక్రమం ప్రకటించి, గుడ్డ టాప్‌లు, చెక్క స్టీరింగులు, ఆఖరికి 185/60 ఆర్14 కొలతలో ఆ నాటి టైర్లు కూడా మళ్ళీ తయారు చేయించింది. పద్నాలుగంగుళాల మంచి టైర్లు బజారులో తగ్గిపోతున్న కాలంలో అది చిన్న ఉపకారమేమీ కాదు. కానీ కంపెనీ గౌరవిస్తే వస్తువుకు విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే యజమాని దాన్ని దాచుకుంటాడు. అమెరికాలో పాత కార్లకు చవగ్గా దొరికే కలెక్టర్ ఇన్సూరెన్స్ పాలసీలు కారు విలువను ముందే ఒప్పుకుంటాయి, బదులుగా దాన్ని రోజూ ఆఫీసుకు నడపకూడదంటాయి. రోజూ నడిపేవాడికి మామూలు పాలసీయే గతి. మామూలు పాలసీ లెక్కలో ముప్ఫై ఏళ్ళ కారు ఒక చిన్న గుద్దుకే పూర్తి నష్టం కింద రాసెయ్యదగిన పాత ఇనుము. వాడితే విలువ లేదు, విలువ కావాలంటే వాడకూడదు. పెట్టుబడి కోసం కొనేవాళ్ళతో ఇక్కడ నాకు పేచీ ఉంది. ఈ కారును వాడకుండా దాచడమంటే దాన్ని ఏ పని కోసం చేశారో ఆ పని నుంచి తప్పించడం.

సౌకర్యం మీద వచ్చే అభ్యంతరాలు నిజమే గానీ చిన్నవి. డిక్కీ 124 లీటర్లు, అందులోనే బ్యాటరీ, స్టెప్నీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు ఇంట్లో అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆవకాయ, కారప్పొడి, స్వీట్ల డబ్బాలు కుక్కిన పెద్ద సూట్‌కేసులతో దిగితే, వాళ్ళను తీసుకురావడానికి ఈ కారు వేసుకుపోయినవాడు సూట్‌కేసులతో పాటు అమ్మానాన్నల్లో ఒకరిని కూడా విమానాశ్రయంలో వదిలి రావాలి. అందుకే ఇంట్లో ఇంకో బండి తప్పనిసరి, ఇంటికి ఇదొక్కటే కారైతే చర్చే అక్కర్లేదు. పెట్రోలు సంగతి ఆశ్చర్యపరుస్తుంది. ఇంత తేలిక కారు లీటరుకు ఇచ్చేది పది కిలోమీటర్ల చుట్టూ. ఒకటిన్నర రెట్ల బరువున్న నేటి హైబ్రిడ్ సెడాన్ దానికి రెట్టింపు ఇస్తుంది. ఒక కారణం గేర్లు. అయిదో గేర్‌లో గంటకు 110 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ దాదాపు 3,600 సార్లు తిరుగుతూ ఉంటుంది, ఆపైన గుడ్డ టాప్ గాలిని సాఫీగా కోయదు. అంటే హైవే మీద రోజూ గంట ప్రయాణమున్నవాడికి ఇది చెవులకూ జేబుకూ శిక్షే. ఊళ్ళో పావుగంట, అరగంట ప్రయాణమైతే ఈ లోపాలేవీ లెక్కలోకి రావు, పైగా అరవై కిలోమీటర్ల వేగం దాటకుండానే నడిపిన తృప్తి దొరుకుతుంది. నాలుగు వందల హార్స్‌పవర్ల కారులో ఆ తృప్తి చట్టం దాటితేగానీ దొరకదు.

ఇక అసలు అభ్యంతరం: ప్రాణం. దీనికి ఏ రెంచీతోనూ మరమ్మతు లేదు. అమెరికాలో కొత్తగా అమ్ముడుపోయే బండి సగటు బరువు 4,000 పౌండ్లు, అంటే 1,800 కిలోలు దాటింది. 950 కిలోల కారు, 1,900 కిలోల బండి, రెండూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. రెండూ అతుక్కుపోయి పెద్ద బండి వెళ్తున్న దిక్కుకే దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. పెద్ద బండిలో కూర్చున్నవాడి వేగం 50 నుంచి 17కు పడింది, మార్పు 33. చిన్న కారులో ఉన్నవాడు 50తో ముందుకు పోతున్నవాడల్లా 17తో వెనక్కి నెట్టబడ్డాడు, మార్పు 67. వాడి ఒంటికి తగిలిన దెబ్బ రెట్టింపు. ఇందులో తయారీదారుడి తప్పేమీ లేదు, ఇది న్యూటన్ లెక్క. దానికి తోడు 1990 నాటి అమెరికన్ మోడల్‌లో డ్రైవర్‌కు మాత్రమే ఎయిర్‌బ్యాగ్, రెండోది 1994లో వచ్చింది. బ్రిటన్‌లో, జపాన్‌లో తొలినాళ్ళ కార్లకు అదీ లేదు. పక్క ఎయిర్‌బ్యాగులు లేవు, చాలావాటికి ఏబీఎస్ లేదు, 2012 మోడళ్ళ నుంచి అమెరికాలో తప్పనిసరైన స్టెబిలిటీ కంట్రోల్ లేదు, తల వెనక రోల్ బార్ లేదు. ఎత్తు ఒకటింబావు మీటరుకు లోపే. పక్క లేన్‌లో పికప్ ట్రక్కు డ్రైవరు అద్దంలో చూసుకుంటే కనబడనంత పొట్టి. అతి చిన్న కార్లలో డ్రైవర్ల మరణాల రేటు పెద్దవాటికంటే ఎక్కువని అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ లెక్కలు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి.

దీనికి అభిమానులు చెప్పే సమాధానాలు రెండు. తేలిక కారు తొందరగా ఆగుతుంది, చురుగ్గా తప్పుకుంటుంది కాబట్టి యాక్సిడెంటే జరగదన్నది మొదటిది. కొంత నిజం ఉంది, కొత్త టైర్లు వేస్తే ఇంకాస్త నిజమవుతుంది. కానీ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనకనుంచి వచ్చి గుద్దేవాడి ఫోను చూపుల మీద మన చురుకుదనానికి అధికారం లేదు. రెండోది, మోటార్‌సైకిల్ కంటే నయం కదా అన్నది. నయమే, చాలా నయం. కానీ ఆ పోలికతో గెలిచిన వాదం పెద్దగా గెలిచినట్టు కాదు. నాకు నమ్మదగినదిగా తోచే జవాబు ఇంకోటి. ప్రమాదం కారులో మాత్రమే లేదు, కారు తిరిగే దారిలో కూడా ఉంది. గుద్దు తీవ్రత వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి గంటకు యాభై కిలోమీటర్ల ఊరి రోడ్డుకూ, నూట పది కిలోమీటర్ల ఫ్రీవేకూ మధ్య తేడా అయిదు రెట్లకు దగ్గర. ఒకే కారు ఒక దారిలో భరించదగిన సాహసం, ఇంకో దారిలో మొండితనం. అందుకే ‘పాత తేలిక స్పోర్ట్స్ కారు రోజూ వాడొచ్చా’ అనే ప్రశ్నకు కారు పేరు మాత్రమే చెప్తే జవాబు రాదు, ఇంటినుంచి ఆఫీసుకు వెళ్ళే రోడ్డు పేరు కూడా చెప్పాలి. మన పాఠకులకు ఇదేమీ వింత కాకూడదు. 650 కిలోల చుట్టూ బరువుండే మారుతి 800తో రెండు దశాబ్దాలకు పైగా మన ఊళ్ళు రోజూ తిరిగాయి. ఆ రోడ్ల మీద చుట్టూ ఉన్న కార్లు కూడా చాలావరకు తేలికవే, వేగాలూ తక్కువే కాబట్టి తిరిగాయి.

చట్టాలు కూడా ఈ వయసు కార్లను చిక్కుల్లోనే పెట్టాయి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ మహానగరమంతటా, కాలుష్య ప్రమాణం అందుకోని పెట్రోలు కారు రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. నలభై ఏళ్ళు నిండితే చారిత్రక వాహనమని మినహాయింపు ఉంది కానీ, 1990 కారుకు అది 2030 దాటేదాకా రాదు. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లు, మరీ కొత్తవి తప్ప, రెండేళ్ళకోసారి పొగ పరీక్షకు నిలబడాలి. జపాన్‌లో పదమూడేళ్ళు దాటిన పెట్రోలు కారుకు పన్ను పెరుగుతుంది. కొత్తదీ కాదు, పురాతనమూ కాదు, మధ్య వయసుకే అన్ని వాతలూ. పాత కారు పొగ కొత్త కారు పొగ కంటే చెడ్డదన్నది నిజమే కాబట్టి ఈ నియమాలు అన్యాయమని నేననను. పదిహేను నిమిషాల ప్రయాణానికి రోజూ పన్నెండున్నర పౌండ్లు కట్టి నడపడం తెలివైన పనని మాత్రం అనలేను. ఇండియాలో అయితే కథ ఇంకా పొట్టిది. మూడేళ్ళు దాటిన వాడిన కార్ల దిగుమతి మామూలుగా కుదరదు. మన దగ్గరే తయారైన తేలిక రోడ్‌స్టర్, గోవాలో ఫైబర్ బాడీతో రెనో 1.2 లీటర్ల ఇంజిన్‌తో చేసిన శాన్ స్టార్మ్, పెద్దగా అమ్ముడుపోకుండానే ఆగిపోయింది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుం 2022లో ఒక్కసారిగా 600 నుంచి 5,000 రూపాయలకు ఎగబాకింది. యాభై ఏళ్ళు దాటి వింటేజ్ కింద నమోదైన కారును మామూలు పనులకు నడపకూడదన్నది 2021 నాటి నిబంధన. హైదరాబాద్ కుర్రాడికి ఈ కోరిక తీరాలంటే ఉద్యోగం సముద్రం అవతల ఉండాలి.

ఆ అవతల ఉన్నవాళ్ళకు నా మాట ఇది. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆఫీసు దారి ఊరి రోడ్ల మీదుగా పోయేదై, ఉప్పు చల్లని చోట ఉంటే, మొదటి తరం ఎంఎక్స్-5ని నిక్షేపంగా రోజూ నడపండి, దాచకండి. దారి ఎనిమిది లేన్ల ఫ్రీవే అయితే, వెనక సీటు కావలసిన పిల్లలుంటే, ఆ కోరికను వారాంతానికి ఉంచుకోండి. కొనేముందు మైళ్ళ మీటరు కంటే ముందు సిల్ చివర వేలితో నొక్కి చూడండి, నీళ్ళ గొట్టాల్లో ఓ గ్లాసు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి, రేడియేటర్ తొట్టె రంగు చూడండి, పుల్లీ గాట్లు లెక్కపెట్టండి. డబ్బు మిగిలితే మ్యూజిక్ సిస్టమ్ జోలికి పోకుండా ముందు రోల్ బార్, మంచి టైర్లు, కొత్త బ్రేక్ గొట్టాలు వేయించండి. ఇన్సూరెన్స్ కాగితంలో వాడకం దగ్గర ‘వారాంతపు సరదా’ అని రాసి ప్రీమియం తగ్గించుకోవాలని చూడకండి. రోజూ ఆఫీసుకు అనే రాయండి, లేకపోతే అవసరమైన రోజున ఆ పాలసీ పనికిరాదు.